సగం ఫీజు రాయితీ నాలుగేళ్లూ నిలుస్తుందా?

ప్రశ్న: కొండపి ప్రాంతం నుంచి ఒక తండ్రి

పెద్దలందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో కొండపి దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల మెట్ట, పొగాకు ఆరబెట్టే ఒక బ్యారన్ మాకు ఆధారం. మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్మీడియట్ ఎంపీసీలో 1000కి 968 మార్కులు తెచ్చుకుంది. ఈఏపీసెట్ రాసింది, ర్యాంకు ఇంకా రాలేదు. దీనితో పాటు ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం సొంతంగా పెట్టిన ప్రవేశ పరీక్ష కూడా రాస్తే, కంప్యూటర్ సైన్స్ బీటెక్‌లో సీటు, ట్యూషన్ ఫీజులో 50 శాతం మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తున్నామని వారు ఉత్తరం పంపారు. మా ఇంట్లో ఇంజనీరింగ్ చదవబోయే మొదటి పిల్ల ఆమె. ఆ ఉత్తరం చూసి ఊరంతా సంతోషపడింది గాని, లెక్క వేసుకున్న దగ్గర నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

వారి లెక్క ప్రకారం ఏడాదికి ట్యూషన్ ఫీజు 3,00,000 రూపాయలు, అందులో సగం రాయితీ. హాస్టల్, మెస్ కలిపి 1,20,000. ప్రయోగశాల, పరీక్షల వంటి ఇతర రుసుములు 25,000. అంటే మొదటి ఏడాది నేను కట్టవలసింది 2,95,000. పది రోజుల్లో 50,000 కట్టి సీటు ఖాయం చేసుకోవాలని, ఆలస్యమైతే స్కాలర్‌షిప్ మరొకరికి వెళ్తుందని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. తహసీల్దారు కార్యాలయం ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రంలో మా కుటుంబ వార్షికాదాయం 2,10,000 అని ఉంది.

మా ఇంటికి వచ్చిన ఆ విశ్వవిద్యాలయం పీఆర్వో (ప్రచార ప్రతినిధి) ఈ రాయితీతో పాటు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుందన్నాడు. పక్క ఊరి ఉపాధ్యాయుడొకరు ఈ రాయితీలు మొదటి ఏడాదితోనే పోతాయని అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? మార్కులను చూసి ఇచ్చే సాయం కాక, కుటుంబ పరిస్థితిని చూసి ఇచ్చే సాయం వేరే ఏదైనా ఉంటే అడగవచ్చా, అడిగితే ఇచ్చిన సీటు మీద ప్రభావం పడుతుందా? బ్యాంకు రుణం సంగతి కూడా తెలిసిన వారు చెప్పగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం: కావలి నుంచి, విశ్రాంత గణిత అధ్యాపకుడు

అయ్యా, అమ్మాయికి నా ఆశీస్సులు. మీరు అడిగిన వాటిలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విషయం ముందుగా తేల్చుకోవాలి, మిగిలిన నిర్ణయాలన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటాలో చేరిన వారికి, అంటే ఈఏపీసెట్ ర్యాంకుతో ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా సీటు పొందిన వారికి ఉద్దేశించినది. కుటుంబ వార్షికాదాయం 2,50,000 మించకూడదన్న నిబంధన ఉంది, మీరు ఆ పరిమితి లోపలే ఉన్నారు. మన రాష్ట్రంలో 2016 నాటి ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద ఏర్పడిన వాటిలో 35 శాతం సీట్లను కన్వీనర్ కోటాలో నింపే ఏర్పాటు ఆ తర్వాత జరిగింది. మీ అమ్మాయికి ఉత్తరం వచ్చింది మాత్రం ఆ విశ్వవిద్యాలయం సొంత పరీక్ష ద్వారా భర్తీ చేసుకునే మిగిలిన సీట్లలో. ఆ సీటుకు రీయింబర్స్‌మెంట్ రాదు. ఇక విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చట్టం 1956లోని 3వ సెక్షన్ కింద డీమ్డ్ హోదా, అంటే విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా, పొందిన సంస్థలు ఈ రాష్ట్ర చట్టం పరిధిలోకే రావు. కాబట్టి మీకు ఉత్తరం పంపిన సంస్థ ఏ కోవకు చెందినదో ముందు కనుక్కోండి. పీఆర్వో నోటి మాటను కాగితం మీద రాసి ఇమ్మని అడగండి, రాసి ఇవ్వడానికి వెనకాడితే విషయం అక్కడే అర్థమవుతుంది.

రాయితీ మొదటి ఏడాదితోనే పోతుందన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. పోయేదీ నిలిచేదీ అందులోని షరతులను బట్టి ఉంటుంది. కొన్ని సంస్థల్లో ర్యాంకుల వారీగా రాయితీని ముందే ప్రకటిస్తారు. ఉదాహరణకు వేలూరు విఐటీ తన ప్రవేశ పరీక్షలో పై ర్యాంకుల వారికి ట్యూషన్‌లో ర్యాంకును బట్టి వేర్వేరు శాతాల్లో రాయితీని ప్రకటిస్తూ వచ్చింది. ఇక్కడ గమనించవలసిన విషయం, ఇవన్నీ ట్యూషన్ ఫీజుకే పరిమితం. హాస్టల్, మెస్ ఖర్చుల మీద రాయితీ ఉండదు. మీ లెక్కలో ఆ రెండూ కలిపి 1,20,000 ఉన్నాయి కనుక సగం రాయితీ అన్న మాటకు మొత్తం ఖర్చులో అర్థం మూడో వంతుకు పడిపోయింది: 4,45,000లో తగ్గింది 1,50,000.

ఉత్తరంలో మీరు వెతకవలసిన వాక్యం రెన్యువల్‌కు సంబంధించినది. ఏటా ఎంత సీజీపీఏ (పదికి లెక్కించే గ్రేడ్ల సగటు) నిలబెట్టుకోవాలి, ఒక సబ్జెక్టు తప్పితే ఏమవుతుంది, హాజరు ఎంత ఉండాలి, ఒకసారి పోయిన రాయితీ మార్కులు మెరుగుపడితే మరుసటి ఏడాది తిరిగి వస్తుందా అన్నవి అందులో ఉండాలి. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. రాయితీ శాతంగా ఉందా, స్థిరమైన మొత్తంగా ఉందా? ట్యూషన్ ఫీజు ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే నాలుగో ఏడాదికి అది సుమారు 3,47,000 అవుతుంది. రాయితీ 50 శాతం అయితే మీరు కట్టేది 1,73,500 చిల్లర, అదే 1,50,000 అని స్థిరంగా రాసి ఉంటే కట్టేది 1,97,000. ఫీజు పెరుగుదలను పక్కన పెట్టి చూసినా, రాయితీ నాలుగేళ్లూ నిలిస్తే మొత్తం ఖర్చు 11,80,000, రెండో ఏటి నుంచి పోతే 16,30,000. ఆ 4,50,000 తేడాను తట్టుకోగలరా అన్నది మీరు ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

సీటు కోసం కట్టే 50,000 గురించి భయపడవద్దు, తొందరా పడవద్దు. 2018లో యూజీసీ జారీ చేసిన ఫీజు వాపసు నిబంధనల ప్రకారం, ప్రవేశాలకు ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందు విరమించుకుంటే మొత్తం వాపసు ఇవ్వాలి. ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000కు మించకుండా మాత్రమే మినహాయించుకోవచ్చు. ఆ తర్వాత గడువును బట్టి 90, 80, 50 శాతంగా తగ్గుతుంది, చివరి తేదీ దాటి 30 రోజులు గడిస్తే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకోవడాన్ని కూడా ఆ నిబంధనలు అనుమతించవు. కన్వీనర్ కౌన్సెలింగ్ ఫలితం తెలిసేదాకా సర్టిఫికెట్లు మీ పెట్టెలోనే ఉండాలి. ఈ ఒక్క విషయంలో నా మాట తప్పక వినండి. ఒరిజినల్స్ ఇచ్చేసి కౌన్సెలింగ్‌కు వెళ్లలేక ఏడ్చిన పిల్లలను నా సర్వీసులో చూశాను.

రెండో సమాధానం: ఇందుకూరుపేట మండలం నుంచి, బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థిని

బాబాయి గారూ, నమస్కారం. మాస్టారు చెప్పిన రెన్యువల్ షరతు నా అనుభవంలో ఎలా పనిచేసిందో చెబితే మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నేను చదువుతున్న విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయను.

నాకు కూడా చేరేటప్పుడు ట్యూషన్‌లో 50 శాతం స్కాలర్‌షిప్ ఇచ్చారు. సీజీపీఏ 8 ఉంటే చాలని మాకు అర్థమైంది. ఇంటర్‌లో 95 శాతం దాటి తెచ్చుకున్న పిల్లకు 8 ఎంత పని అనుకున్నాం. మొదటి సెమిస్టర్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్, ప్రోగ్రామింగ్ రెండూ నాకు పూర్తిగా కొత్త. పైగా మా దగ్గర గ్రేడ్లు తరగతిలో అందరి మార్కులతో పోల్చి వేస్తారు. అంటే నాకు 80 మార్కులు వచ్చినా, తరగతిలో ఎక్కువ మందికి 85 వస్తే నా గ్రేడు కిందికి జారుతుంది. పట్టణాల్లో చిన్నప్పటి నుంచి కంప్యూటర్ మీద పనిచేసిన వారితో పోటీ అది. ఒక సబ్జెక్టులో తప్పాను. రెండో సెమిస్టర్‌లో దాన్ని పూర్తి చేసి, ఏడాది చివరికి సీజీపీఏ 8.2 తెచ్చుకున్నాను. అయినా స్కాలర్‌షిప్ ఆగిపోయింది. అన్ని సబ్జెక్టులూ మొదటి ప్రయత్నంలోనే పాసవ్వాలన్న వాక్యం నిబంధనల పుస్తకంలో ఉంది, మాకు పంపిన ఉత్తరంలో లేదు. ఉత్తరంలో "విశ్వవిద్యాలయ నిబంధనలకు లోబడి" అని ఒక మాట మాత్రం ఉంది. బాబాయి గారూ, మీ ఉత్తరంలో అలాంటి మాట ఉంటే ఆ నిబంధనల పుస్తకం మొత్తం తెప్పించుకుని చదవండి.

ఆ ఏడాదే మా చెరువుల్లో రొయ్యలకు తెల్లమచ్చ వైరస్ సోకి నాన్న పెట్టుబడి మొత్తం పోయింది. చదువు మానేస్తానని నేను మా విభాగంలోని ఒక మేడమ్ దగ్గర చెప్పుకుంటే, కుటుంబ ఆర్థిక పరిస్థితి ఆధారంగా సాయం చేసే కమిటీ ఒకటి ఉందని, దానికి దరఖాస్తు పెట్టమని ఆమె చెప్పారు. ప్రవేశాల సమయంలో మాకెవరూ దాని మాట చెప్పలేదు. ఆదాయ ధ్రువపత్రం, నాన్న అప్పు పత్రాలు, చెరువుల లీజు కాగితం, మా పరిస్థితి వివరిస్తూ రెండు పేజీల లేఖ జతచేశాను. ట్యూషన్ ఫీజులో 30 శాతం తగ్గించారు, మిగిలినది మూడు వాయిదాల్లో కట్టుకోనిచ్చారు. అందుకే మీరు అడగడానికి సంకోచించవద్దని నా మనవి. అడిగినందువల్ల నా పట్ల ఎవరూ చులకనగా ప్రవర్తించలేదు. మీ అమ్మాయి మార్కులతో సీటు సంపాదించుకుంది, ఆ సీటు మీద అడిగిన సాయం ప్రభావం ఏమీ ఉండదు. వాయిదాల తేదీలు కూడా ముందే అడగండి. మీకు పొగాకు వేలం డబ్బు చేతికి వచ్చే నెలలు వేరు, రెండో సెమిస్టర్ ఫీజు కట్టే నెల వేరు.

ఇంకొక మాట చెల్లెలి కోసం. మొదటి సెమిస్టర్ మొదలయ్యే లోపు దొరికే ఈ రెండు నెలల్లో ప్రోగ్రామింగ్ ప్రాథమిక పాఠాలు నేర్చుకోమనండి. నేను ఆ పని చేసి ఉంటే నా స్కాలర్‌షిప్ నిలిచేదని ఇప్పటికీ బాధపడతాను.

మూడో సమాధానం: నెల్లూరు నుంచి, బ్యాంకులో విద్యా రుణాలు చూసి రిటైరైన అధికారి

నమస్కారమండీ. రుణం విషయం నేను చెబుతాను.

7,50,000 వరకు విద్యా రుణానికి తనఖా గాని, మూడో వ్యక్తి హామీ గాని అడగకుండా ఇచ్చేందుకు కేంద్ర ప్రభుత్వ పరపతి హామీ పథకం ఉంది. అంతవరకు పొలం పత్రాలు బ్యాంకులో పెట్టవలసిన అవసరం లేదు, తండ్రిగా మీరు సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు. 4,00,000 వరకు మీ వాటా సొమ్ము అడగరు, అది దాటితే దేశంలో చదువులకు 5 శాతం మార్జిన్ ఉంటుంది. స్కాలర్‌షిప్ సొమ్మును ఆ మార్జిన్ కింద లెక్కలోకి తీసుకోవచ్చన్న సంగతి చాలా మందికి తెలియదు, శాఖలో మీరే గుర్తు చేయండి.

మీ ఆదాయం 4,50,000 లోపు ఉంది కనుక వడ్డీ రాయితీ పథకం మీకు ముఖ్యం. వృత్తి, సాంకేతిక కోర్సులు చదివే ఈ ఆదాయ వర్గపు పిల్లలకు, చదివే కాలానికి, ఆ పైన మరో ఏడాదికి అయ్యే వడ్డీని కేంద్రమే భరిస్తుంది. సంస్థకు విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ గుర్తింపు గాని, కోర్సుకు సాంకేతిక కోర్సులను మదింపు చేసే ఎన్‌బీఏ గుర్తింపు గాని ఉండాలి, ప్రవేశం ప్రతిభ ఆధారంగా జరిగి ఉండాలి. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఇంకొకటి. దానిలో 8,00,000 లోపు ఆదాయం ఉన్న వారికి 10,00,000 వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది గాని, విద్యాసంస్థలకు కేంద్రం ప్రకటించే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల ఆధారంగా ఎంపికైన సంస్థలకే అది వర్తిస్తుంది. మొదట్లో అలాంటి సంస్థలు 860. యాజమాన్య కోటా సీటుకు ఈ పథకం వర్తించదు. కాబట్టి అడ్మిషన్ పత్రంలో సీటు ఏ కోటా కింద నమోదైందో చూసి తీసుకోండి. ఆ ఒక్క పదం తేడా వల్ల దరఖాస్తులు వెనక్కి పోవడం నేను నా బల్ల మీదే చూశాను.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది వేరు. రాయితీ పోను మిగిలిన ఫీజుకే రుణం అడగడం సాధారణంగా అందరూ చేసే పని. రెండో ఏట రాయితీ పోయిందనుకోండి, అప్పుడు మంజూరైన మొత్తం చాలదు, పెంచమని మళ్లీ మొదటి నుంచి తిరగాలి, ఆ లోపు ఫీజు గడువు దాటుతుంది. అందువల్ల పూర్తి ఫీజు, స్కాలర్‌షిప్, నికర ఫీజు మూడూ విడివిడిగా, నాలుగు సంవత్సరాలకూ చూపించే ఫీజు వివరాల పత్రం విశ్వవిద్యాలయం నుంచి తీసుకోండి. రాయితీ షరతులతో కూడినదని మేనేజరుకు చూపించి, ఆ అవకాశాన్ని కూడా దృష్టిలో పెట్టుకుని పరిమితి మంజూరు చేయమని కోరండి. బ్యాంకు సెమిస్టర్ వారీగా నేరుగా సంస్థకే చెల్లిస్తుంది, విడుదల చేసిన సొమ్ముకే వడ్డీ పడుతుంది. మంజూరు ఎక్కువగా ఉన్నంత మాత్రాన మీ మీద భారం పడదు. మొత్తం 7,50,000 దాటితే తనఖా ప్రశ్న వస్తుంది, అది గుర్తుంచుకోవాలి.

ఆడపిల్ల కనుక సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్ కూడా చూడండి. ఏడాదికి 50,000, ఆదాయ పరిమితి 8,00,000, అయితే సంస్థకు ఏఐసీటీఈ ఆమోదం ఉండి తీరాలి. రాష్ట్ర చట్టాల కింది విశ్వవిద్యాలయాలు ఆ ఆమోదం లేకుండానే ఇంజనీరింగ్ కోర్సులు నడపవచ్చు కనుక అడిగి తెలుసుకోవాలి. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్ర రంగ పథకం ఇంకొకటి ఉంది. ఇంటర్ బోర్డు ఫలితాల్లో 80వ పర్సంటైల్ పైన, అంటే మొదటి 20 శాతం మందిలో ఉండి, ఆదాయం 4,50,000 దాటని వారికి బీటెక్‌లో మొదటి మూడేళ్లు ఏటా 12,000, నాలుగో ఏట 20,000 ఇస్తారు. 968 మార్కులతో అమ్మాయి తప్పక దరఖాస్తు పెట్టవలసినది. రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే మాత్రం ఇది రాదు, ప్రభుత్వ సాయాలు ఒకదానిపై ఒకటి తీసుకునే వీలు లేదు.

మళ్లీ కొండపి నుంచి

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న అమ్మాయిని వెంటబెట్టుకుని విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఫోన్ చేసే వారిని కాకుండా అడ్మిషన్ల కార్యాలయంలో అధికారినే కలిశాం. మర్యాదగానే మాట్లాడారు. అది రాష్ట్ర చట్టం కింద ఉన్న విశ్వవిద్యాలయమేనట. మాకు ఇచ్చిన సీటుకు రీయింబర్స్‌మెంట్ రాదని ఆయన స్పష్టంగా చెప్పారు. రాయితీ శాతం రూపంలోనే ఉంది. ఏటా 8 సీజీపీఏ, ఏ సబ్జెక్టూ తప్పకూడదు, హాజరు 75 శాతం. ఒకసారి పోతే తిరిగి రాదు. ఈ మాటలన్నీ ఈమెయిల్‌లో పంపమంటే సాయంత్రానికి పంపారు. కుటుంబ పరిస్థితిని బట్టి ఇచ్చే సాయానికి చేరిన తర్వాతే దరఖాస్తు పెట్టుకోవాలన్నారు, ఫారం నమూనా ఇచ్చారు. ప్రవేశాల చివరి తేదీ ఎప్పుడని అడిగి రాయించుకున్నాను. 50,000 ఇంకా కట్టలేదు.

ఇప్పుడు మా ముందున్నది ఒకటే సందేహం. అదే విశ్వవిద్యాలయంలో కన్వీనర్ సీటుకు ప్రయత్నించాలా, లేక ఒంగోలు, నెల్లూరు కళాశాలల్లో చూడాలా? ఇంటికి దగ్గరగా ఉంటే హాస్టల్ ఖర్చు తగ్గుతుందని మా ఇంటావిడ అంటోంది.

కావలి అధ్యాపకుడు

అయ్యా, చాలా మంచి పని చేశారు. వెబ్ ఆప్షన్లు, అంటే కౌన్సెలింగ్‌లో మీరు కోరుకునే కళాశాలల వరుస, పెట్టేటప్పుడు అదే విశ్వవిద్యాలయంలోని కన్వీనర్ సీట్లను పైన పెట్టండి. పక్కపక్క బెంచీల్లో కూర్చునే ఇద్దరు పిల్లల్లో ఒకరు కన్వీనర్ సీటులో, మరొకరు సొంత పరీక్ష సీటులో ఉన్నప్పుడు పాఠం ఒకటే, ఫీజు మాత్రం వేరు. పైగా కన్వీనర్ సీటుకు వచ్చే రీయింబర్స్‌మెంట్ 8 సీజీపీఏ మీద ఆధారపడినది కాదు. మొదటి సెమిస్టర్‌లో పిల్ల తడబడినా ఇల్లు తాకట్టు పెట్టవలసిన పరిస్థితి రాదు.

ఒంగోలు, నెల్లూరు రెంటినీ ఒకే గాటన కట్టవద్దు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయిస్తారు. ప్రకాశం జిల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధిలోకి వస్తుంది, నెల్లూరు శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధిలోనిది. కొండపి, ఒంగోలుల్లో చదివిన మీ అమ్మాయి నెల్లూరు కళాశాలలకు స్థానికేతరురాలు అవుతుంది, అక్కడ మిగిలిన 15 శాతం సీట్లకే పోటీ పడాలి. ఒంగోలు నుంచి గుంటూరు, అమరావతి వరకు మాత్రం ఆమె స్థానికురాలే. హాస్టల్ తప్పించుకోవాలన్న మీ ఇంటావిడ ఆలోచన సరైనదే, ఆప్షన్ల రెండో వరుసను ఒంగోలు చుట్టుపక్కల కళాశాలలతో నింపండి.

స్థానికతకు 6వ తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. బడి మారి ఉంటే పాత బడికి ఈ వారంలోనే వెళ్లి తెచ్చుకోండి, ర్యాంకులు వచ్చాక అక్కడ వరుసలో నిలబడవలసి వస్తుంది.